మనలో మనం చూసుకుందాం
చైనా, అంతర్జాతీయ న్యాయం, మన తీరం

(అనకాపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాష్టారి క్లాసులో ఎవరైనా అభిప్రాయం చెప్పబోతే ఆయన ముందు అడిగేది ఒకటే: “అసలు కాగితం చదివావా?” అందుకే ఈ సాయంత్రం చైనా మంచిదా చెడ్డదా అనే పంచాయితీ పెట్టను. ఆ దేశం సంతకం చేసిన కాగితాలు కొన్ని, చేయను పొమ్మన్నవి కొన్ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. వాటిలో కొన్ని మన జిల్లా దాకా వస్తాయి.

2014 జులై 7న ఒక తీర్పు వచ్చింది. బంగాళాఖాతంలో భారత్‌కు, బంగ్లాదేశ్‌కు మధ్య సముద్రపు హద్దు ఎక్కడ అన్నది తగాదా. సముద్ర న్యాయంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద 2009లో మనల్ని మధ్యవర్తిత్వానికి లాగింది బంగ్లాదేశ్. మధ్యవర్తిత్వ ధర్మాసనంలో అయిదుగురు: జర్మనీకి చెందిన వోల్ఫ్రమ్, ఫ్రాన్స్ నుంచి కో, ఘనా నుంచి మెన్సా, ఆస్ట్రేలియా నుంచి షియరర్, మన దేశం నియమించిన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. శ్రీనివాసరావు గారు తెలుగువారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, యేల్‌లో డాక్టరేట్ చేసి, విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సభ్యుడిగా చాలా ఏళ్లు పనిచేశారు. ఒక దేశంలో ప్రమాదకరమైన పని చేస్తే పక్క దేశానికి హాని జరగకుండా చూడాల్సిన బాధ్యత మీద ఆ కమిషన్ 2001లో ఖరారు చేసిన ముసాయిదా ఆయన చేతి మీదుగా నడిచిందే.

వివాదంలో ఉన్న సముద్రం 25,602 చదరపు కిలోమీటర్లు. అందులో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. రెండు తీరాలకూ సమదూరంలో గీత గీయాలన్నది మన వాదన. ధర్మాసనం ఆ గీతను మన వైపు జరిపింది. పైగా ఒకచోట అడుగున ఉన్న నేల వాళ్లది, పైన నీళ్లు మనవి అని చిత్రమైన పంపకం చేసింది. ఈ రెండింటితోనూ శ్రీనివాసరావు గారు ఏకీభవించలేదు. తన అభిప్రాయం విడిగా రాశారు. ఢిల్లీ మాత్రం మర్నాడే తీర్పును గౌరవిస్తామని చెప్పింది.

రెండేళ్ల తర్వాత, 2016 జులై 12న, అదే ఒప్పందం కింద మరో తీర్పు. ఈసారి ఫిలిప్పీన్స్, చైనా. ఆ ధర్మాసనంలోని అయిదుగురిలో ముగ్గురు పాతవాళ్లే: మెన్సా, కో, వోల్ఫ్రమ్. దక్షిణ చైనా సముద్రంలో చైనా తన పటం మీద గీసుకున్న తొమ్మిది గీతల లోపల ఉన్న సంపదంతా చారిత్రకంగా తనదేనన్న వాదనకు చట్టంలో ఆధారం లేదని వాళ్లు తేల్చారు. చైనా ఆ తీర్పు చెల్లదంది. విచారణకు రాలేదు. తన తరఫున నియమించుకోవలసిన సభ్యుణ్ణి నియమించలేదు. దాంతో సముద్ర న్యాయస్థానం అధ్యక్షుడే ఆ ఖాళీ నింపాడు. ఆయన జపాన్ వాడు కావడంతో, ధర్మాసనం కూర్పులోనే పక్షపాతం ఉందంది చైనా.

ఆ ముగ్గురూ కూర్చున్న ధర్మాసనం తీర్పును మనం ఒప్పుకున్నాం, చైనా ఒప్పుకోలేదు. ఇక్కడితో ఉపన్యాసం ఆపేస్తే చప్పట్లు బాగా పడతాయని తెలుసు. కానీ కథ అంత తేలిక కాదు.

చైనా అంతర్జాతీయ న్యాయాన్ని చూసే తీరు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1842 నాన్‌జింగ్ ఒప్పందంలో హాంకాంగ్ పోయింది, అయిదు రేవులు విదేశీయులకు తెరుచుకున్నాయి. ఆ ఒప్పందంతో ముగిసిన యుద్ధానికి కారణమైన నల్లమందు పండింది మన బీహార్, మాల్వా పొలాల్లో. ఆ ఒప్పందం కూడా అప్పటి అంతర్జాతీయ న్యాయం ప్రకారం సక్రమమైన పత్రమే! సంతకాలు, ముద్రలు అన్నీ ఉన్నాయి. చైనా బడిపిల్లవాడికి అంతర్జాతీయ న్యాయం మొదట పరిచయమయ్యేది ఈ పాఠంలోనే.

అదే న్యాయంతో చైనా గెలిచిన ఘట్టం కూడా ఒకటుంది. 1864లో ప్రష్యాకు, డెన్మార్క్‌కు యుద్ధం నడుస్తోంది. ప్రష్యా రాయబారి యుద్ధనౌకలో చైనాకు వస్తూ వస్తూ, దాగూ రేవు దగ్గర మూడు డెన్మార్క్ వర్తక ఓడలను పట్టుకున్నాడు. అప్పటికి మార్టిన్ అనే అమెరికా మిషనరీ, హెన్రీ వీటన్ రాసిన అంతర్జాతీయ న్యాయ గ్రంథాన్ని చైనీస్‌లోకి తెస్తున్నాడు. రాజ్య వ్యవహారాలు చూస్తున్న ప్రిన్స్ గోంగ్ మనుషులు ఆ పుస్తకంలోని సూత్రాలు తీసి, మా తీరజలాల్లో మీ యుద్ధం ఏమిటని నిలదీశారు. ప్రష్యా ఓడలు వదిలింది, పరిహారమూ కట్టింది. గోంగ్ వెంటనే 500 తేల్‌ల వెండి మంజూరు చేసి పుస్తకం అచ్చు వేయించి, 300 ప్రతులు రాష్ట్రాల అధికారులకు పంపాడు. సమ్మర్ ప్యాలెస్‌ను బ్రిటిష్, ఫ్రెంచి సేనలు తగలబెట్టి అప్పటికి నాలుగేళ్లే.

అలా పుట్టిన నమ్మకం 1919లో వెర్సాయ్‌లో విరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చైనా మిత్రపక్షాల వైపే ఉంది. అయినా షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులు జపాన్‌కు కట్టబెట్టారు. వెల్లింగ్టన్ కూ అనే యువ దౌత్యవేత్త ఎంత వాదించినా లాభం లేకపోయింది. చైనా సంతకం చేయకుండా లేచి వచ్చింది. బీజింగ్ వీధుల్లోకి విద్యార్థులు వచ్చిన మే 4 ఉద్యమం ఆ కోపంలోంచే వచ్చింది. 1949 తర్వాత కూడా ఐక్యరాజ్యసమితిలో చైనా కుర్చీ తైవాన్‌లోని ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. అది బీజింగ్‌కు దక్కింది 1971 అక్టోబరు 25న. మరుసటి ఏడాదే, పాత ప్రభుత్వం హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం అధికారాన్ని ఒప్పుకుంటూ చేసిన ప్రకటనను బీజింగ్ తోసిపుచ్చింది.

ఇంత గాయం ఉన్నవాడు తీర్పరిని ఎందుకు నమ్ముతాడని చైనా మిత్రులు అంటారు. గాయం నిజమే. కానీ ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్, తర్వాత అమెరికా పాలించాయి. వాళ్లకూ గాయం ఉంది. వాళ్లు కోర్టుకే వెళ్లారు. గాయం ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదని నా అభిప్రాయం.

ఇక పంచశీల. 1954 ఏప్రిల్ 29న బీజింగ్‌లో, టిబెట్‌తో వర్తకం గురించి మనకూ చైనాకూ కుదిరిన ఒప్పందం పీఠికలో ఆ అయిదు సూత్రాలు వచ్చాయి. మన పాఠ్యపుస్తకాల్లో వాటికి ఒక పేరాగ్రాఫ్ మిగిలింది. చైనాలో మాత్రం అవి అంతర్జాతీయ న్యాయ సిద్ధాంతానికే పునాది. నెహ్రూ, చౌ ఎన్‌లై కలిసి ప్రకటన చేసిన జూన్ 28ని వాళ్లు పండగలా చేస్తారు. 2014లో షష్టిపూర్తికి మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ గారు వెళ్లారు. 1954 ఒప్పందం ఎనిమిదేళ్ల గడువు పెట్టుకున్నది. 1962 జూన్‌లో గడువు తీరింది. అక్టోబరులో యుద్ధం వచ్చింది.

పంచశీలలో చైనాకు నచ్చిందేమిటో గమనించండి. సార్వభౌమత్వం, దురాక్రమణ చేయకపోవడం, ఒకరి ఇంటి విషయాల్లో ఇంకొకరు తలదూర్చకపోవడం, సమానత్వం, శాంతియుత సహజీవనం. అయిదింటిలో ఎక్కడా తీర్పరి లేడు. ఇద్దరికీ తేడా వస్తే తేల్చేవాడి ప్రస్తావనే లేదు. 2016 జూన్ 25న, అంటే దక్షిణ చైనా సముద్రం తీర్పుకు సరిగ్గా పదిహేడు రోజుల ముందు, చైనా, రష్యా కలిసి అంతర్జాతీయ న్యాయాన్ని పెంపొందించడం మీద ఒక ప్రకటన విడుదల చేశాయి. అందులోనూ ఈ అయిదు సూత్రాలే. తగాదా తీర్చుకునే పద్ధతి ఏదైనా అది రెండు పక్షాల సమ్మతి మీదే నిలవాలని అందులో నొక్కి చెప్పారు. తీర్పు రాబోతుండగా ఆ మాట ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మన బెల్లం మార్కెట్ తెలిసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. దిమ్మలు తెచ్చిన ఇద్దరు రైతులు తమ మధ్య తేడా వచ్చినప్పుడు “మనలో మనం చూసుకుందాం” అనుకుంటే అది స్నేహం. పెద్ద వర్తకుడు చిన్న రైతు భుజం మీద చెయ్యేసి అదే మాట అంటే, కాటా ఎవరి చేతిలో ఉందో రైతు ముందు చూసుకోవాలి. చైనా ఆ మాట వియత్నాంతో అంటుంది, ఫిలిప్పీన్స్‌తో అంటుంది. అందరూ కలిసి వస్తామంటే మాత్రం దానికి అంతగా రుచించదు.

సముద్రం దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే మనది తీర జిల్లా. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం కడుతున్నారు. పూడిమడక బోట్లు వేటకు వెళ్లే నీళ్ల మీదా ఆ సముద్ర న్యాయ ఒప్పందమే వర్తిస్తుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద, అడుగున ఉన్న ఖనిజాల మీద హక్కు తీర దేశానిది. మరి ఆ నీళ్లలో పరాయి యుద్ధనౌకలు విన్యాసాలు చేయవచ్చా? అమెరికా చేయవచ్చంటుంది. మా అనుమతి లేకుండా కుదరదంటుంది భారత్. 1995లో ఒప్పందాన్ని ఆమోదిస్తూ మనం ఆ మాట రాసిచ్చాం. చైనా వాదన కూడా దాదాపు ఇదే! 2021 ఏప్రిల్ 7న అమెరికా యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీప్ దగ్గర మన అనుమతి లేకుండా తిరిగి, ఆ సంగతి తనే ప్రకటించింది. మనం అభ్యంతరం చెప్పాం. ఆ ఒప్పందాన్ని అమెరికా ఇప్పటికీ ఆమోదించనే లేదు. ఆమోదించని దేశం దాని పేరు చెప్పి అందరికీ పాఠం చెబుతుంటే, ఆమోదించిన చైనా దాని కింద వచ్చిన తీర్పును పక్కన పడేస్తోంది. సముద్ర న్యాయం చదివే విద్యార్థులకు ఇంతకంటే మంచి నవ్వుల కథ దొరకదు.

ఒక తేడా మాత్రం చెప్పాలి. ఆ ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది. హద్దుల తగాదాలు, సైనిక వ్యవహారాలు నిర్బంధ విచారణకు రావని ముందే ప్రకటించుకోవచ్చు. చైనా 2006 ఆగస్టు 25న ఆ ప్రకటన చేసింది. మనం చేయలేదు. అందుకే బంగ్లాదేశ్ మనల్ని ధర్మాసనం ముందుకు తీసుకురాగలిగింది. చైనా ఆ ప్రకటన చేసి ఉండటం వల్లే ఫిలిప్పీన్స్ లాయర్లు హద్దు గీయమని అడగలేదు. ఈ గీతలకు ఆధారం ఉందా, ఈ రాళ్లను దీవులు అనవచ్చా లాంటి ప్రశ్నలే అడిగారు.

ఇప్పుడు ఇదే చైనాను జెనీవాలో చూడండి. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2001 డిసెంబరులో చేరింది. అక్కడ చైనా తీర్పరిని చూసి పారిపోదు. కేసులు వేస్తుంది, వేయించుకుంటుంది, ఓడిపోతుంది, చాలాసార్లు పాటిస్తుంది. అరుదైన ఖనిజాల ఎగుమతి మీద పెట్టిన కోటాలు చెల్లవని 2014 ఆగస్టులో అప్పీలు తీర్పు వచ్చింది. బంగాళాఖాతం తీర్పుకు సరిగ్గా నెల తర్వాత. 2015 జనవరికల్లా చైనా కోటాలు ఎత్తేసింది. అమెరికా అడ్డుపుల్ల వేసి అప్పీలు కోర్టును 2019 చివర్లో మూయించాక, ప్రత్యామ్నాయంగా యూరప్‌తో కలిసి తాత్కాలిక అప్పీలు ఏర్పాటు పెట్టుకున్న దేశాల్లో చైనా ఉంది. భారత్ లేదు.

మరి ఆ అరుదైన ఖనిజాల కథ అక్కడితో అయిపోయిందా? లేదు. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు మూలకాలకు ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. కోటా అనే మాట ఎక్కడా లేదు. జాతీయ భద్రత అన్న మాట ఉంది. వాణిజ్య ఒప్పందంలో భద్రత పేరు చెబితే తప్పించుకునే దారి ఒకటుంది. ఉక్కు మీద సుంకాలు వేసినప్పుడు అమెరికా వెళ్లిన దారి అదే. చైనా ఆ దారిని శ్రద్ధగా నేర్చుకుంది. ఆ ఏడింటిలో మొదట చెప్పుకునేది సమేరియం. ఇక్కడికి దగ్గర్లోనే, అచ్యుతాపురం వైపు ఉన్న బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఆవరణలో, ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ పెట్టిన శాశ్వత అయస్కాంతాల ప్లాంటు ఉంది. 2023 మే నెలలో జాతికి అంకితం చేశారు. అక్కడ తయారయ్యేవి సమేరియం, కోబాల్ట్ అయస్కాంతాలు. మన సముద్రపు ఇసుకలోని, ఈ అరుదైన ఖనిజాలుండే మోనజైట్‌కు ఇప్పుడు ఎక్కడలేని గిరాకీ రావడానికి కారణం బీజింగ్‌లో ఒక లైసెన్సు ఫారం.

నక్కపల్లి సంగతీ అంతే. అక్కడి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. దేశంలో కేంద్రం ఎంపిక చేసిన మూడింటిలో ఇదొకటి. మిగిలిన రెండు గుజరాత్, హిమాచల్‌లవి. మన మందుల కంపెనీలు బయటి నుంచి తెచ్చుకునే ముడి మందుల్లో అధిక భాగం చైనా నుంచే వస్తోంది. ఒకప్పుడు దేశంలోనే సాగిన పెన్సిలిన్ ముడి సరుకు తయారీ, చైనా ధర ముందు నిలవలేక మూతపడింది. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ దాన్ని 2024లో మళ్లీ మొదలుపెట్టింది. 2020లో కేంద్రం 53 ముడి మందులకు ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహకాలు ప్రకటించడం వెనక ఉన్న భయం ఇదే. ఆ పార్కు మాకొద్దని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ల కష్టానికి ఎక్కడో షాంఘైలో ఒక కొస ఉందని చెబితే వాళ్లకు ఓదార్పు కాదనుకోండి. కానీ కొస అక్కడ ఉన్న మాట నిజం. 2025 అక్టోబరులో చైనా మన మీద జెనీవాలో ఫిర్యాదు చేసింది. బ్యాటరీలకు, విద్యుత్ వాహనాలకు మనం ఇస్తున్న ఇలాంటి ప్రోత్సాహకాలు నిబంధనలకు విరుద్ధమట! దశాబ్దాలుగా రాయితీలతో పరిశ్రమలు పెంచుకున్న దేశం ఆ మాట అనడంలో వ్యంగ్యం ఉంది. అయినా ఫిర్యాదు చేయడం మాత్రం సరైన పద్ధతే.

బ్యాంకు పెట్టడంలోనూ చైనా తీరు ఇలాగే ఉంటుంది. బీజింగ్‌లోని ఆసియా మౌలిక వసతుల పెట్టుబడుల బ్యాంకు నియమావళి చూస్తే ప్రపంచ బ్యాంకు అచ్చే. వాటాల్లో చైనా తర్వాత స్థానం మనదే. మన రాష్ట్రంలో గ్రామీణ రోడ్లకు, కరెంటు లైన్లకు ఆ బ్యాంకు అప్పు ఇచ్చింది. చైనా పాత ఇంటిని కూలగొట్టడం లేదు. పక్కనే ఇంకో గది కడుతోంది. 2025 మే 30న హాంకాంగ్‌లో అంతర్జాతీయ రాజీ సంస్థ ఒకటి పెట్టింది. ముప్ఫైకి పైగా దేశాలు సంతకాలు చేశాయి. అక్కడ తీర్పులు ఉండవు, రాజీలే. చైనా కోరుకునే అంతర్జాతీయ న్యాయం నిలువెత్తు రూపంలో చూడాలంటే ఆ భవనం చూడాలి.

ఇక మన సంగతి. 1999లో పాకిస్తాన్ విమానాన్ని కూల్చిన కేసులో మనల్ని హేగ్‌కు పిలిస్తే, కామన్వెల్త్ దేశాలతో తగాదాలు ఆ కోర్టు వినకూడదని ముందే షరతు పెట్టుకున్నామని చూపించాం. 2000 జూన్‌లో కోర్టు 14-2తో ఒప్పుకుంది. అది చట్టబద్ధమే. 2025 జూన్ 27న మాత్రం, సింధు నదీ జలాల మీద మధ్యవర్తిత్వ కోర్టు ఇచ్చిన అదనపు తీర్పును మన ప్రభుత్వం కొట్టిపారేసింది. ఆ కోర్టునే చట్టవిరుద్ధంగా ఏర్పడిందంది. ఆ ప్రకటనను, 2016 జులైలో చైనా చేసిన ప్రకటనను పక్కపక్కన పెట్టి చదవండి. పహల్గాం ఉగ్రదాడి తర్వాత మన కోపానికి కారణం ఉంది. ఆ కోర్టు ఏర్పాటు మీద మన అభ్యంతరం అంతకు ముందు నుంచీ ఉన్నదే. అయినా వాదన ఆకారం ఒకటే. ఈ మాట నచ్చనివాళ్లు సభలో ఉంటారని తెలుసు. మాష్టారు ఉంటే ముందు ఆయనే నాతో పోట్లాడేవారు.

నాకు తేలిందేమిటంటే, సరుకుల విషయంలో పెద్ద దేశాలు తీర్పరిని భరిస్తాయి. నేల, నీరు వచ్చేసరికి భరించవు. 2014లో బంగాళాఖాతంలో మనం చేసింది ఆ అలవాటుకు మినహాయింపు. శ్రీనివాసరావు గారు తన అసమ్మతి పేజీలకు పేజీలు రాశాక కూడా ప్రభుత్వం ఓటమిని ఒప్పుకుంది. నా లెక్కలో మన విదేశాంగ చరిత్రలో గొప్ప పని అది. ఒక్క సంబరమూ జరగలేదు. ఆ మినహాయింపు పక్కన పెడితే, చైనాతో మన తేడా ఒకటే. వాళ్లు ఈ అలవాటుకు సిద్ధాంతం కట్టి, అయిదు సూత్రాల పీఠం వేసి, ప్రపంచానికి నమూనాగా చూపిస్తున్నారు. మనం సిద్ధాంతం లేకుండా అవసరమైనప్పుడల్లా అదే చేస్తున్నాం.

మనలో మనం చూసుకునే పద్ధతి ఎంతదూరం వస్తుందో తెలియాలంటే హిమాలయాలకు వెళ్లాలి. 1993 సెప్టెంబరు 7న పి.వి. నరసింహారావు గారు బీజింగ్‌లో ఉండగా, వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి, ప్రశాంతత కోసం ఒప్పందం కుదిరింది. చిన్న పత్రం. తొమ్మిదే అధికరణాలు. ఏ పక్షమూ బలప్రయోగం చేయదు, బెదిరించదు. రేఖను ఇద్దరూ గౌరవిస్తారు. అభిప్రాయభేదం ఉన్నచోట కలిసి పరిశీలించి తేల్చుకుంటారు. రేఖ ఎక్కడుందో మాత్రం రాయలేదు, పటం జతచేయలేదు. సరిహద్దు సమస్యపై ఎవరి వాదన వారిదేనని కూడా రాసుకున్నారు. పి.వి. గారి ఒడుపు అదే. తేలని విషయాన్ని పక్కన పెట్టి, తేలేదాన్ని కాగితం మీద పెట్టడం. 1996 నవంబరు 29 ఒప్పందం ఇంకో అడుగు వేసింది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదంది. ఆ తర్వాత 2000లో మధ్య సెక్టారు పటాలు ఇచ్చిపుచ్చుకున్నారు. 2002లో పశ్చిమ సెక్టారు పటాలు బల్ల మీదికి వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయాయి. లడఖ్ ఆ సెక్టారులోనే ఉంది.

ఆ రెండు కాగితాలూ దాదాపు మూడు దశాబ్దాలు సరిహద్దులో తూటా పేలకుండా ఆపాయి. తక్కువ విషయం కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో కూడా తుపాకులు పేలలేదు. రాళ్లు, మేకులు కొట్టిన కర్రలు వాడారు. మన సైనికులు ఇరవై మంది చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బీహార్ కల్నల్ బి. సంతోష్ బాబు సూర్యాపేట వాసి. చదువుకున్నది మన పక్కనే, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో. తెలుగువాడైన ప్రధాని తెచ్చిన ఒప్పందం ఆ రాత్రి ఒక విషయంలో పనిచేసింది, ఇంకో విషయంలో పనిచేయలేదు. తుపాకి పేలకుండా ఆపింది. ఎవరు ఎక్కడిదాకా రావచ్చో చెప్పలేకపోయింది. ఆ మాట అడగడానికి మూడో మనిషి లేడు. ఉండకూడదన్నది ఇద్దరూ ఒప్పుకున్నదే. ఈ విషయంలో ఇప్పుడు మనం కూడా తీర్పరిని అడగడం లేదు.

2024 అక్టోబరు 21న దెప్సాంగ్, డెమ్చోక్‌లలో గస్తీ మీద ఏర్పాటు కుదిరిందని ఢిల్లీ చెప్పింది. రెండు రోజుల తర్వాత కజాన్‌లో మోదీ, షీ కలుసుకున్నారు. గస్తీలు మళ్లీ మొదలయ్యాయి, పశువుల కాపరులు కొన్ని పచ్చిక మైదానాలకు తిరిగి వెళ్లారు. అది మంచిదే. 1993 ఒప్పందాన్ని మీలో ఎవరైనా రాత్రి ఇంటికి వెళ్లి చదువుకోవచ్చు, అది అందరికీ అందుబాటులో ఉంది. 2024 ఏర్పాటు పాఠాన్ని రెండు ప్రభుత్వాలూ బయటపెట్టలేదు.